హాస్టల్లో చేరిన చిన్నోడికి పెద్దమ్మ రాసేది

చిన్నోడా,

నిన్న నిన్ను హాస్టల్లో దింపాక బస్టాండు దాకా మీ అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. పత్తికొండ బస్సెక్కి, కిటికీలోంచి "అక్కా, వాణ్ణి చూసుకో" అని మాత్రం అంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో 28 ఏళ్లు పనిచేశాను కదా. పిల్లలు సార్లకు చెప్పుకోలేనివి అక్కడికొచ్చి చెప్పుకునేవాళ్లు. నేను చూసినవి కొన్ని నీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

నువ్వు చేరిన జేఎన్‌టీయూ చాలా పాత కాలేజీ. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురం వచ్చింది. మనలాంటి సేద్యగాళ్ల ఇళ్ల పిల్లలు ఎంతోమంది అక్కడ చదివి పైకొచ్చారు. వాళ్లకూ హాస్టల్ తిండి పడలేదు, ఇంగ్లీషు అంటే భయమేసింది, ఇంటి మీద బెంగ పుట్టింది. అవన్నీ నీకూ ఉంటాయి, రెండు నెలల్లో సర్దుకుంటాయి. నా బాధ వాటి గురించి కాదు. ఉద్యోగంలో చివరి ఐదారేళ్లు నేను చూసిన కష్టాలు చాలావరకు ఫోన్లోంచి వచ్చినవే. పక్క మంచం మీద పడుకున్నవాడికి కూడా తెలియకుండా వస్తాయి అవి.

బీకాం రెండో సంవత్సరం పిల్లాడొకడు రోజూ పేపరు చదవడానికి వచ్చేవాడు. ఒకరోజు పేపరు ముందు పెట్టుకుని గంటసేపు పేజీ తిప్పలేదు. దగ్గరికెళ్తే చేతిలో బ్యాంకు పాస్‌బుక్కు ఉంది, చెమటకు అట్ట మెత్తబడిపోయింది. సీనియరొకడు "నీ అకౌంటు ఒక నెల వాడుకుంటాం, మూడు వేలిస్తాం" అన్నాడట. వీడు ఏటీఎం కార్డూ, కొత్తగా తీసుకున్న సిమ్మూ ఇచ్చేశాడు. ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు అందులో పడి, అదే రోజు బయటికి వెళ్లిపోయింది. పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తే ముందు దొరికేది అకౌంటు ఎవరి పేరున ఉందో వాళ్లే. అకౌంటు ఫ్రీజ్ చేశారు. పరీక్ష ఫీజుకని వాళ్లమ్మ కూలి డబ్బుల్లోంచి వేసిన 1,800 రూపాయలూ అందులోనే ఇరుక్కున్నాయి.

సంగతి తెలిసి అప్పటికే పదకొండు రోజులైంది. వాడు ఎవరికీ చెప్పలేదు, కడుపునిండా తినలేదు. పక్కన కూర్చుని నేనే వాళ్ల నాయనకు ఫోన్ చేయించాను. ఆయన చంపేస్తాడని వణికిపోయాడు. ఆయన సాయంత్రం బస్సుకే దిగి, లైబ్రరీ మెట్ల మీద కొడుకును చూసి మొదట అడిగింది "తిన్యావా?" అని. బ్యాంకు చుట్టూ, స్టేషన్ చుట్టూ తిరగడానికి నెలలు పట్టింది, అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి నుంచి వాడు నిద్రపోయాడు.

కాబట్టి నీ అకౌంటు, సిమ్ము, కార్డు, ఓటీపీ ప్రాణస్నేహితుడికైనా ఇవ్వొద్దు. నీ డబ్బే ఎవరైనా కాజేస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఆపడానికి అంత వీలుంటుంది. ఐదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. అవి ముందు నీ ఫోన్లో ఉన్న నంబర్లూ ఫోటోలూ తీసుకుంటాయి, తర్వాత మీ నాయనకూ నీ క్లాసు పిల్లలకూ మెసేజీలు పెట్టి పరువు తీస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో చట్టమే వచ్చింది. అయినా ఐపీఎల్ రోజుల్లో ఎవరో ఒకరు ఏదో లింకు పంపుతారు. ఐదొందలు కావాలంటే నన్నడుగు. ఎందుకని కూడా అడగను.

ఇక చాట్‌జీపీటీ. వాడొద్దని చెప్పను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడివి, నీకు అది చాలా పనికొస్తుంది. క్లాసులో అర్థం కానిది రాత్రికి తెలుగులో అడుగు, ఉదాహరణ ఇమ్మను, మళ్లీ అడుగు. అది విసుక్కోదు. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, అదే విషయం పెన్నుతో లాంగ్ నోట్‌బుక్కులో రాయి. రాయలేకపోయావంటే ఇంకా రాలేదన్నమాట. అసైన్‌మెంట్ మొత్తం దాంతో రాయించుకుంటే ఏమవుతుందో మా కంప్యూటర్ సార్ చెప్పాడు. ఒకమ్మాయి ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా తెచ్చిందట. మూడో లైన్లో లెక్క ఒకటి నుంచి కాకుండా సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టావని వైవాలో అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయట. తెలివైన పిల్లే, తన చేత్తో ఒక్కసారీ రాయలేదు, అంతే. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో సంవత్సరం నుంచి ఒక్కో కోర్సు చెయ్యి.

అటెండెన్సు 75 శాతం కన్నా తగ్గనివ్వకు. 65 కన్నా కిందికి పడిపోయాక ఎవరి కాళ్లు పట్టుకున్నా ఉపయోగం ఉండదు.

సీనియర్లు అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపులో పాట పాడి పంపమన్నా, తిట్లు తినమన్నా అది కూడా ర్యాగింగే. మన రాష్ట్రంలో దానికి 1997 నుంచి చట్టం ఉంది. ఆ మెసేజీలు చెరిపేయకుండా ఉంచుకుని వార్డెన్‌కు చూపించు. వార్డెన్‌తో చెప్పలేకపోతే ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522కి ఫోన్ చెయ్యి.

సబ్జెక్టు తప్పితే తప్పిందని ఆ రోజే ఇంట్లో చెప్పు. ఆరు సబ్జెక్టులు తప్పి, రెండేళ్లపాటు "అన్నీ పాసయ్యా" అని చెప్పినవాణ్ణి చూశాను. చదవడం కన్నా ఆ అబద్ధం మోయడమే వాడికి ఎక్కువ బరువైంది. మీ నాయన వేరుశనక్కాయ పంట రెండుసార్లు ఎండిపోతే చూసినవాడు. ఒక సెమిస్టర్ పోతే కుప్పకూలడు. మనసు మరీ బరువెక్కి ఎవరితోనూ మాట్లాడలేనట్టుంటే 14416 అనే నంబరుంది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడికి చేసినా సరే, నాకు చేసినా సరే. రాత్రి రెండింటికైనా ఎత్తుతాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా, ఉగ్గాని, బజ్జీ చేస్తాను. టవర్ క్లాక్ దగ్గర దిగి ఫోన్ చెయ్యి. ఉతకాల్సిన బట్టలుంటే సంచిలో వేసుకుని రా, ఆ లాంగ్ నోట్‌బుక్కు కూడా తీసుకురా.

మీ పెద్దమ్మ