మీ ప్రశ్న – మా జవాబు: స్టార్ పెట్టినా బోల్డ్ రావడం లేదేం?

ప్రశ్న: మా గ్రంథాలయం తరఫున తెలుగులో చిన్న పత్రిక వేస్తున్నాం. సభ్యులు ఫోన్లో మార్క్‌డౌన్ గుర్తులతో (శీర్షికకు ముందు హాష్ #, బోల్డ్‌కి మాటకు అటూ ఇటూ రెండేసి స్టార్లు ** వంటివి) టైపు చేసి పంపుతారు. గూగుల్ డాక్స్‌లో పేస్ట్ చేస్తే హాష్‌లు, స్టార్లు అలాగే కనబడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆ గుర్తులను బోల్డ్‌గా, శీర్షికలుగా మార్చే సదుపాయం డాక్స్‌లో ఉందండీ, మీరు ఆన్ చేసుకోవాలి. కంప్యూటర్‌లో పత్రం తెరిచి, టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి ‘ఎనేబుల్ మార్క్‌డౌన్’ దగ్గర టిక్ పెట్టి ఓకే నొక్కండి. ఇక మీరు టైపు చేసే గుర్తులు అక్కడికక్కడే మారతాయి. బయటి నుంచి తెచ్చిన పాఠం మాత్రం కంట్రోల్-వితో మారదు. రైట్ క్లిక్ చేసి ‘పేస్ట్ ఫ్రమ్ మార్క్‌డౌన్’ ఎంచుకోవాలి. ఇప్పటికే స్టార్లతో పడిపోయిన భాగాన్ని కట్ చేసి ఇదే దారిలో మళ్లీ పేస్ట్ చేయండి.

అప్పటికీ కుదరకపోతే ఖాళీలు చూడండి. హాష్ తర్వాత స్పేస్ ఉంటేనే అది శీర్షిక. స్టార్‌కీ మాటకీ మధ్య స్పేస్ ఉండకూడదు. పేరాల మధ్య ఒక వరుస ఖాళీగా వదలకపోతే రెండూ కలిసిపోతాయి.

మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి విభక్తులు. **పర్లాకిమిడి**లో అని రాస్తే బోల్డ్ వస్తుంది. __పర్లాకిమిడి__లో అని అండర్‌స్కోర్లతో రాస్తే రాదు. 2014లో వెలువడిన కామన్‌మార్క్ (మార్క్‌డౌన్‌కి ఉమ్మడి ప్రమాణం) నియమాల ప్రకారం మాటకు అతుక్కుని ఇంకో అక్షరం ఉంటే అండర్‌స్కోర్ పనిచేయదు. **‘గజపతి’**లో అన్నా బోల్డ్ రాదు. స్టార్లకు ముందు కొటేషన్, వెంటనే అక్షరం ఉంటే వాటిని ముగింపు గుర్తుగా లెక్కవేయరు. కొటేషన్లను బయటికి తెచ్చి ‘**గజపతి**’లో అని రాయండి. సభ్యులందరికీ ఈ ఒక్క సంగతి ముందే చెబితే ప్రూఫులు దిద్దే పని చాలా తగ్గుతుంది.

ప్రశ్న: గిడుగు రామమూర్తి గారి జీవిత విశేషాలు ఏడాదివారీగా రాశాం. మొదటి వరుసలో 1863 సరిగ్గానే ఉంది. కింద 1880 వేస్తే 1864 అని, 1940 వేస్తే 1865 అని వస్తోంది.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఇది వెంటనే సరిచేయాల్సిన తప్పండీ. ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో పనికి చేరింది 1880లో. పుట్టిన మరుసటి ఏడే చేరినట్టు అచ్చయితే ఎలా? వరుస మొదట్లో అంకె, చుక్క, స్పేస్ వస్తే మార్క్‌డౌన్ దాన్ని జాబితా అనుకుంటుంది. మొదటి అంకెను మాత్రమే పట్టించుకుని, మిగతావి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతుంది. చుక్కకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి: 1880\. అంతే, మీ అంకె మీకుంటుంది. అప్పుడవి జాబితా కావు కాబట్టి వరుసల మధ్య ఖాళీ వదలడం మరవకండి. అసలు ‘1880లో’ అని వాక్యంగా మొదలుపెట్టడమే మేలు. చదవడానికీ హాయిగా ఉంటుంది.

తెలుగు అంకెలు, ఒడియా అంకెలు వేస్తే ఈ చిక్కు రాదు. కాకపోతే కావాలని ౧, ౨ అని వేసినా జాబితా కాదు. ఆ గుర్తింపు 0 నుంచి 9 దాకా ఉన్న అంకెలకే.

ప్రశ్న: వాట్సాప్‌లో బోల్డ్‌గా ఉన్న మాటలు డాక్స్‌లోకి తెస్తే పక్కకు వాలిపోతున్నాయి. పద్యాల పాదాలు కూడా ఒకే వరుసలో కలిసిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వాట్సాప్‌లో బోల్డ్‌కి ఒక స్టార్ చాలు. జాన్ గ్రూబర్ 2004లో రూపొందించిన మార్క్‌డౌన్‌లో ఒక స్టార్ ఇటాలిక్, రెండు స్టార్లు బోల్డ్. సందేశాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి, రీప్లేస్‌తో ప్రతి స్టార్‌నీ రెండు చేసి, తర్వాత డాక్స్‌లోకి తీసుకెళ్లండి. జాబితాకి స్టార్ వాడి ఉంటే అవీ రెండవుతాయి కనుక జాబితాలకు హైఫన్ పెట్టడం అలవాటు చేసుకోండి.

తెలుగులో ఇటాలిక్ జోలికి పోవద్దని మా సలహా. చాలా తెలుగు ఫాంట్లకు ఇటాలిక్ విడిగా లేదు. సాఫ్ట్‌వేరే నిలువు అక్షరాన్ని పక్కకు వంచుతుంది. గుడులు, ఒత్తులు ఒరిగిపోయి చిన్న సైజులో కంటికి శ్రమ అవుతుంది.

పద్యపాదం విరగాలంటే వరుస చివర రెండు స్పేసులు ఉండాలి. చాలా ఫోన్ కీబోర్డుల్లో స్పేస్ రెండుసార్లు నొక్కితే ఫుల్‌స్టాప్ పడుతుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. కామన్‌మార్క్ పాటించే చోట అయితే పాదం చివర ఒక బ్యాక్‌స్లాష్ పెట్టినా సరిపోతుంది. చివరి పాదానికి అక్కర్లేదు.