స్టిక్‌లో బలం పోయిందన్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆటలో రేణిగుంట రన్‌వే మీద దిగబోతుంటే, లోపలి మోటార్లతో చేతికి ఎదురుబలం ఇచ్చే నీ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ తోటకూర కాడలా వాలిపోయిందని రాశావు. స్టిక్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, రెండుసార్లు తీసి మళ్లీ వేశావు, ఇక విండోస్ కూడా మార్చేస్తానంటున్నావు. విండోస్ జోలికి అప్పుడే పోకు. తప్పు కరెంటులో ఉందా, స్టిక్‌లో ఉందా, ఆటలో ఉందా అన్నది ముందు తేల్చుకో. అన్నిచోట్లా ఒకేసారి చెయ్యి పెడితే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

మొదట ఆట పూర్తిగా మూసెయ్యి. స్టిక్‌ను నిండు పిడికిలితో పట్టుకుని పక్కకు నొక్కు. ఏ ఆటా నడవకపోయినా మధ్యకు రావాలని తన్నుకులాడే గుణం చాలా పాత ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్కులకు ఉంటుంది. అలా తన్నితే మోటార్లు బతికే ఉన్నట్టు, ఇక ఆటలో వెతకాలి. వదులుగా ఉంటే కరెంటు చూడు. కంప్యూటర్‌లో స్టిక్ పేరు కనిపిస్తోంది కదా అనకు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. బటన్లకు అది చాలుతుంది, మోటార్లకు చాలదు. అందుకే వాటికి వేరే కరెంటు తీగ ఉంటుంది. విదేశం నుంచి వచ్చిన పాత స్టిక్ అయితే అడుగున చీటీ చదవనిదే గోడకు పెట్టకు. 120 వోల్టులకే అని రాసి ఉన్నదాన్ని మన 230కి తగిలిస్తే బాగు చేయడానికి ఏమీ మిగలదు.

నీ కంప్యూటర్ యూపీఎస్ మీద, స్టిక్ మామూలు ప్లగ్గులో ఉన్నట్టుంది. అలా ఉంటే కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా కంప్యూటర్‌కు తెలియదు. స్టిక్ మాత్రం ఆట తనకు పంపిన బలాల లెక్కలన్నీ మరిచిపోతుంది. ఆట మూసి మళ్లీ తెరవాల్సిందే. రెండింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత స్టిక్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 లాంటి వాటిలో, చెయ్యి ఉందో లేదో చూసే చిన్న కన్ను పిడిలోనే ఉంటుంది. చెయ్యి లేకపోతే బలం ఆగిపోతుంది. నా స్టిక్‌కూ అలాంటి కన్నుంది. విమానాన్ని మునివేళ్లతో నడపాలని ఎక్కడో చదివి నేనూ అలాగే పట్టుకునేవాణ్ణి. దిగే ముందు ప్రతిసారీ బలం పోయేది. మూడు రోజులు డ్రైవర్లు మార్చాను, తీగ మార్చాను. పక్కింటి పిల్లవాడు వచ్చి గుప్పిటతో పట్టుకుంటే స్టిక్ బుద్ధిగా పనిచేసింది. కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పినా మీ అత్తయ్య నమ్మలేదు, మూడు రోజులూ నేను ఆడుకున్నాననే అంటుంది. ఆ కన్ను మీద టేపు అంటించి నిత్యం బలం ఉండేలా చేసేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. ఎవరూ పట్టుకోనప్పుడు స్టిక్ అటూ ఇటూ ఊగుతుంది, మోటార్లు ఊరికే వేడెక్కుతాయి.

ఇక ఆట. నువ్వు ఏది ఆడుతున్నావో రాయలేదు. డీసీఎస్ వరల్డ్ అనే విమాన ఆటలో ఈ సదుపాయం సొంతంగానే ఉంది, ఆప్షన్లలో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ దగ్గర టిక్కు పెట్టాలి. అలాంటిదే ఎక్స్-ప్లేన్‌కు ప్లగిన్, అంటే ఆటకు తగిలించే చిన్న ప్రోగ్రామ్, కావాలి. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు కూడా విడిగా ఒక ప్రోగ్రామ్ జోడించుకున్నారు. ఇక్కడే అసలు పేచీ. విండోస్‌లోని డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో బలం పంపే ప్రోగ్రామ్ స్టిక్‌ను తనొక్కదానికే అని పట్టుకోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ప్లగిన్, స్టిక్ తయారీదారు ప్రోగ్రామ్, స్టీమ్ అనే ఆటల యాప్‌లోని స్టీమ్ ఇన్‌పుట్ మూడూ తెరిచి పెడితే ఎవరి మాట వినాలో స్టిక్‌కు తెలియదు. ఒక్కటి ఉంచి మిగతావి ఆపి చూడు. మధ్యలో వేరే కిటికీకి వెళ్లి వచ్చాక బలం పోయిందంటే కారణం ఇదే కావచ్చు.

బలం వచ్చాక స్టిక్ మధ్యకు రాకుండా ఒక మూలకు పరుగెత్తితే భయపడకు. బలం దిశ తిరగబడింది, అంతే. డీసీఎస్‌లో అయితే ఎఫ్ఎఫ్ ట్యూన్ అనే చోట అక్షాలు తారుమారు చేసే, దిశ తిప్పే వీలుంది. ఒక్కొక్కటే మార్చు. గిలగిల కొట్టుకుంటుంటే స్ప్రింగ్ బలం తగ్గించి కదలికను నెమ్మదింపజేసే డ్యాంపింగ్ కొంచెం పెంచు. మామూలు స్టిక్ కోసం పెట్టుకున్న డెడ్‌జోన్, అంటే మధ్యలో చిన్న కదలికను ఆట పట్టించుకోని చోటు, తీసెయ్యి. ట్రిమ్ చేసినప్పుడు, అంటే స్టిక్ నొక్కి పట్టకుండానే విమానం నిలకడగా ఎగిరేలా సర్దినప్పుడు, స్టిక్ తానే జరిగి కొత్త చోట నిలబడితే దాన్ని లోపం అనుకోకు, ఈ స్టిక్ కొనేదే అందుకు.

ఇన్ని చేసినా వదులుగానే ఉంటే విప్పకుండా ఆదివారం బస్సులో తీసుకురా, ఇద్దరం కలిసి విప్పుదాం. కిందటిసారిలా అడాప్టర్ చిత్తూరులో మరిచిపోయి రాకు.

మామయ్య