ప్రశ్న – జవాబు: గిఫ్టుగా రాసిచ్చిన భూమిని తల్లి వెనక్కి తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. దేవరకొండ దగ్గర తనకున్న రెండెకరాల బత్తాయి తోటను నాలుగేళ్ల కింద మా తమ్ముడికి గిఫ్టు దస్తావేజు చేసింది. చివరిదాకా సాదుకుంటానని తమ్ముడు ఆ రోజే పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటూ ఫోను కూడా ఎత్తడం లేదు. అమ్మ మిర్యాలగూడలో నా దగ్గర ఉంటున్నది. గిఫ్టు ఇచ్చాక చేసేదేమీ లేదని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు, అమ్మా. రిజిస్టరైన గిఫ్టును ఇచ్చినవారు తమంతట తాము రద్దు చేసుకోలేరు గాని, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షను ప్రకారం, బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ చెల్లదని ఈ చట్టం కింద విచారణ జరిపే ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే ఉన్నది. మన దగ్గర చాలా దస్తావేజుల్లో “ప్రేమాభిమానాలతో ఇచ్చితిని” అన్న ఒక్క మాటే ఉంటుంది. షరతు ఉన్నట్టు రుజువు కాకపోతే ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. అయితే 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, తల్లి చేసిన గిఫ్టును రద్దు చేసింది. అందుకే మీ తమ్ముడు రాసిన ఆ తెల్లకాగితమే మీకు ప్రాణం. అసలును ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆ రోజు కూర్చున్న పెద్దమనుషులను సాక్ష్యం చెప్పడానికి ఇప్పుడే ఒప్పించండి. భూమి చేతులు మారిందేమో కూడా రికార్డుల్లో వెంటనే చూసుకోండి.

అమ్మ మీ దగ్గరే ఉంటున్నది కాబట్టి మిర్యాలగూడ ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వవచ్చు, ఆర్డీఓనే ట్రిబ్యునల్. లాయరు లేకపోయినా విచారణ నడుస్తుంది. అదే దరఖాస్తులో నెలనెలా పోషణ ఖర్చు కూడా అడగండి. చట్టంలో దాని పరిమితి నెలకు 10,000 రూపాయలు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, తప్పనిసరైతే మరో 30 రోజులు పొడిగించవచ్చని అందులోనే ఉన్నది. చట్టం దృష్టిలో బిడ్డలంటే కూతుళ్లు కూడా, కాబట్టి మీ తమ్ముడు మీ బాధ్యతను ఎత్తిచూపవచ్చు. అమ్మను మీరు చూసుకుంటూనే ఉన్నారు, దానికి వెనుకాడవలసిన పని లేదు. ఆమె మహిళ కనుక, ఆదాయంతో నిమిత్తం లేకుండా, నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఆఫీసుకు వెళ్లేముందు వివరాలు కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైను 14567కు ఫోను చేయండి.

ప్రశ్న: నాగర్‌కర్నూలు దగ్గర నా స్వార్జితం నాలుగెకరాలు ఉన్నది. కొడుకులిద్దరూ ఇప్పుడే పంచమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇప్పుడు పంచకండి, వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకున్నా, తర్వాత తగాదా రాకుండా చేయించుకోవడమే మంచిది. బతికున్నంతకాలం భూమి మీ పేరనే ఉంటుంది, వీలునామాను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇచ్చేయక తప్పదనుకుంటే, మీకూ మీ భార్యకూ తిండి, మందులు, ఉండటానికి గది ఇవ్వాలన్న షరతును దస్తావేజులోనే రాయించి, అది చదివించుకుని విన్న తర్వాతే సంతకం పెట్టండి.