ఈ ఏడు మా ఇంటికి నక్షత్రం కట్టొచ్చా?

ప్రశ్న: వందనాలు అమ్మా. మాది తణుకు దగ్గర పల్లెటూరు. జూలైలో మావారు గుండెపోటుతో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. బాబు నాలుగో తరగతి. క్రిస్మస్ నక్షత్రం ఎప్పుడు కడదామని రోజూ అడుగుతున్నాడు. ఏడాది తిరక్కుండా ఇంట్లో పండగేంటని అత్తయ్య అంటున్నారు. సంఘంలో కొందరేమో విశ్వాసులు ఏడవకూడదు, సంతోషంగా ఉంటేనే సాక్ష్యం అంటున్నారు. చర్చికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. పాట అందుకోబోతే గొంతు పెగలడం లేదు. నా విశ్వాసం తగ్గిపోయిందా? – ఒక సోదరి

జవాబు: నక్షత్రం కట్టండమ్మా. ఆ సంగతి బాబుకి ఇవాళే చెప్పేయండి. కొత్తది కొనక్కర్లేదు, అటక మీద పాతది ఉంటే బల్బు మార్చి కట్టండి.

ఏడవకూడదన్నవాళ్లు బహుశా బైబిల్లో పౌలు రాసిన 1 థెస్సలొనీకయులు 4:13 పట్టుకుని మాట్లాడుతున్నారు. పౌలు అక్కడ దుఃఖపడొద్దని ఊరుకోలేదు, నిరీక్షణ లేని ఇతరుల్లాగ దుఃఖపడొద్దన్నాడు. సగం వచనంతో భర్త పోయిన మనిషికి బుద్ధి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. చనిపోయిన లాజరును కాసేపట్లో తిరిగి బతికించబోతూ కూడా ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా. మీ విశ్వాసానికి ఏమీ కాలేదు. సంతోషంగా కనపడాల్సిన బాధ్యత మీ మీద లేదు.

మన క్రిస్మస్ నాటికల్లో గొర్రెల కాపరులుంటారు, ఒంటె మీద జ్ఞానులుంటారు. లూకా 2లో ఉన్న అన్న అనే ప్రవక్త్రిని మాత్రం ఎవరూ స్టేజీ ఎక్కించరు. ఏడేళ్ల కాపురం, ఆ తర్వాత భర్త లేడు. ముసలితనం దాకా దేవాలయం విడిచిపెట్టలేదు. మరియ, యోసేపు బిడ్డను తీసుకొచ్చిన వేళకి అక్కడే ఉంది, చూసింది, నలుగురికీ చెప్పింది. ఆ తల్లిదండ్రులు తెచ్చిన అర్పణ కూడా పేదలది: గొర్రెపిల్లను తేలేనివాళ్లు రెండు పక్షుల్ని తెస్తే చాలని లేవీయకాండంలో ఉంది. కాబట్టి ఈసారి కొత్త బట్టలు లేవు, కేకు లేదు అని బెంగ పెట్టుకోకండి.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. నెల దాటగానే క్రిస్మస్. మా ఊళ్లో ఎవరూ అరిసెలు వండలేదు. ఆరాధన మాత్రం జరిగింది. సంఘకాపరి అయిన మా నాన్నగారు ప్రసంగం చెయ్యలేదు. మత్తయి 2లో హేరోదు రాజు పసిపిల్లల్ని చంపించినప్పటి బేత్లెహేము తల్లుల ఏడుపు చదివారు, పిల్లలు లేకపోయినందుకు రాహేలు ఓదార్పు పొందలేదన్న ఆ మాట. తర్వాత సంఘంలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. చాలాసేపు పట్టింది. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు గానీ, ముగింపు ప్రార్థన అయ్యాక కూడా జనం ఇళ్లకి కదల్లేదు. క్రిస్మస్ సంతోషం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఆ ఉదయమే గుర్తొస్తుంది. మీరూ వెనక వరసలో కూర్చోండి. పాడలేకపోతే ఊరికే వినండి, మీ పాట ఆ రోజుకి పక్కవాళ్లు పాడతారు.

అత్తగారి మీద కోపం తెచ్చుకోవద్దు. ఆవిడకి పోయింది కొడుకు. ఏడాది పండగ మానమని బైబిల్లో లేదు, మానితే తప్పనీ లేదు. పిండివంటలు మానేద్దాం అత్తయ్యా, నక్షత్రం ఒక్కటీ పిల్లాడి కోసం కడదాం అని అడిగి చూడండి. ఎక్కడ కట్టాలో ఆవిడనే చెప్పమనండి.

నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తుంటే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికీ వెళ్లండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక సంఘంవాళ్లు ఇంటింటికీ వచ్చి పాడే క్యారల్స్. పాస్టరుగారికి ముందే కబురు పెట్టండి: మా గుమ్మం దగ్గర డ్రమ్ములు వద్దు, ఒక్క పాట పాడి ప్రార్థన చేసి వెళ్లమని. అది కూడా భరించలేననుకుంటే ఈసారికి రావద్దని చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి. బాబుని మాత్రం స్వెట్టరు వేసి వాళ్లతో పంపండి, ఊరంతా తిరిగొస్తాడు.