గ్లైడర్‌ను ట్రైలర్‌లోంచి దించి బిగించేటప్పుడు దేనికి భయపడాలి?

జర్మనీలో గ్లైడర్ల క్లబ్‌లో చేరారు, పాత ఏఎస్‌డబ్ల్యూ 19 అనే గ్లైడర్‌ను (ఇంజిన్ లేని విమానాన్ని) మొదటిసారి బిగించబోతున్నారు, రెక్కల బరువు చూసి భయమేస్తోందన్నారు. బరువుకు ఇంకో ఇద్దరు సాయం వస్తే చాలు. భయపడాల్సింది కంట్రోల్ జాయింట్లకు, అంటే కాక్‌పిట్ నుంచి వచ్చే రాడ్‌లు రెక్కల, తోక పలకలతో కలిసే చోట్లకు.

ముందు ట్రైలర్. దాన్ని కారుకు తగిలించే ఉంచండి, లేదా వెనక కాళ్లు దించండి. ఉత్తగా వదిలేస్తే, బాడీని బయటికి లాగుతుండగా బరువంతా వెనక్కి పోయి ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది.

రెక్కలను బిగించే మెయిన్ పిన్నులు, అవి దూరే రంధ్రాలు శుభ్రంగా తుడిచి పల్చగా గ్రీజు రాయండి. రెక్క మొదలు దగ్గర ఒకరు, చివర ఒకరు పట్టుకోవాలి. మొదటి రెక్క ఎక్కగానే దాని చివర కింద స్టాండు పెట్టండి. పిన్ను దూరడం లేదా? సుత్తి జోలికి వెళ్లొద్దు. చివర పట్టుకున్నాయన్ని ఒక సెంటీమీటరు పైకీ కిందికీ కదపమనండి. రంధ్రాలు ఒక వరసలోకి వస్తే పిన్ను చేత్తోనే దిగుతుంది. దిగాక దాని లాక్ మరిచిపోవద్దు.

ఇక అసలు సంగతి. ఏలరాన్లు (గ్లైడర్‌ను పక్కలకు వంచే రెక్కల పలకలు), ఎయిర్‌బ్రేకులు (కిందికి దిగడానికి రెక్కల మీద లేచే పలకలు), ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) లొటెలియే అనే రకం జాయింట్లతో కలుస్తాయి. ఒక బాల్, దాన్ని పట్టుకునే సాకెట్, పక్కన స్ప్రింగు మీద నడిచే లాకింగ్ ప్లేటు. బాల్ పూర్తిగా కూర్చుంటే ప్లేటు బయటికి జరిగి, అందులోని చిన్న రంధ్రం మొత్తం కనిపిస్తుంది. సగమే కూర్చుంటే రంధ్రం మూసుకునే ఉంటుంది, సేఫ్టీ పిన్ను దూరదు. దూరని పిన్నును బలవంతంగా తోయకండి, పనంతా విప్పి మళ్లీ పెట్టండి. టార్చి వేసి చూడండి, వేలితో తడమండి, రాడ్‌ను గట్టిగా లాగండి.

స్టిక్ (పైలట్ చేతిలోని కంట్రోల్ కర్ర) కదిపితే ఏలరాన్ కదిలింది కదా అని ఊరుకోకూడదు. సగం కూర్చున్న జాయింటు కూడా నేల మీద చక్కగా కదులుతుంది, గాలి ఒత్తిడి పడ్డప్పుడే ఊడుతుంది. అందుకే ఒకరు కాక్‌పిట్‌లో స్టిక్ నెమ్మదిగా కదపాలి, ఇంకొకరు బయట అరచేత్తో ఏలరాన్‌ను ఆపి పట్టాలి. స్టిక్‌కు ఆ అడ్డు తగలాలి. రెండు ఏలరాన్లు, రెండు ఎయిర్‌బ్రేకులు, ఎలివేటర్, రడ్డర్ (తోక మీది నిలువు పలక) దేనికదే విడిగా చూడాలి. ఎలివేటర్‌ను వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. అది ఊడితే ముక్కు ఎత్తడం, దించడం మీ చేతిలో ఉండదు.

మధ్యలో ఎవరైనా పలకరించినా, ఫోన్ మోగినా, ఆగిన చోటు నుంచి కొనసాగించకండి. మొదటి జాయింటు నుంచి మళ్లీ చూడండి. చాదస్తం అనుకుంటారు, అనుకోనివ్వండి.

రెక్కలకూ బాడీకీ మధ్య సందుల మీద టేపు ఇదంతా అయ్యాకే వేయాలి. ముందే వేస్తే చూడాల్సిన చోట్లే మూసుకుపోతాయి. తోక కింద చక్రాల బండిని టేకాఫ్‌కు ముందు తీసేయండి. దాంతోనే ఎగిరితే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది.