లండన్‌లో ఒక రోజు: ముందు అమరావతి, తర్వాత పుస్తకాల షాపు

చదువుకో ఉద్యోగానికో లండన్ వచ్చిన మనవాళ్లు చాలామంది మొదటి కొన్ని నెలలు శని, ఆదివారాలు గదిలోనే గడిపేస్తారు. బయటికి వెళ్తే ఎంత ఖర్చవుతుందో అని టెన్షన్. అలా ఉండిపోవద్దు. స్నేహితుణ్ణో స్నేహితురాలినో వెంటబెట్టుకుని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే డబ్బు కట్టాలి. రద్దీ రోజుల్లో ఉచిత టికెట్ కూడా ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తగ్గుతుంది.

ఒక్క రోజులో మ్యూజియం అంతా చూసేయాలనుకుంటే కాళ్లు పీకుతాయి, ఏదీ మనసులో నిలవదు. మీరు నేరుగా 33ఎ గదికి వెళ్లండి. మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నది అక్కడే. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది కాబట్టి పొద్దున్నే మ్యూజియం వెబ్‌సైట్ చూసి బయల్దేరండి. మాంటేగ్ ప్లేస్ వైపు ద్వారం నుంచి వెళ్తే దగ్గర.

1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. 1859లో వాటిని ఓడలో లండన్ పంపారు. చివరికి 1880లో ఈ మ్యూజియం చేతికి వచ్చాయి. కృష్ణ ఒడ్డున ఉండాల్సినవి ఇక్కడేం చేస్తున్నాయని కోపం వస్తుంది. రావాలి కూడా. అయినా వెళ్లి చూడాలి, మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

అక్కడ ఒక పలకను తీరిగ్గా చూడండి. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. పాత వైపు క్రీస్తు పూర్వం నాటిది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం. బుద్ధుడి రూపం ఎక్కడా కనపడదు, ఆ ఖాళీ ఆసనమే బుద్ధుడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. అసలు స్తూపం శిథిలమైపోయింది కదా, అది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇలాంటి పలకలే మనకు ఆధారం.

వెంట వచ్చేది తెలుగువాళ్లే కానక్కర్లేదు, క్లాసులోనో ఆఫీసులోనో పరిచయమైన ఎవరైనా సరే. కొత్త దేశంలో ప్రతిదానికీ మనమే ఇంకొకరిని అడుగుతుంటాం: బ్యాంకు ఎలా, డాక్టర్ ఎలా, బస్సు ఎలా అని. ఆ గదిలో మాత్రం వాళ్లు అడుగుతారు, మీరు చెబుతారు. అలా నిలబడి ఒక అరగంట మీ నేల గురించి మాట్లాడితే కలిగే ధైర్యం వేరు. నేను ఈ గదితోనే మొదలుపెట్టమనేది అందుకే.

ప్రయాణం విషయంలో ఒక జాగ్రత్త. ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైల్లో, ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్లడానికి లేదు. ఎక్కేటప్పుడు ఫోన్ తాకించి దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డు తాకిస్తే, రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా వేర్వేరుగా లెక్కేసి ఎక్కువ వసూలు చేస్తారు. 16-25 రైల్‌కార్డ్ (ఆ వయసువాళ్లకు రైలు చార్జీల్లో రాయితీ ఇచ్చే కార్డు) ఉంటే స్టేషన్ సిబ్బందిని అడిగి ఆయిస్టర్ కార్డుకు (లండన్ ప్రయాణాల కోసం ముందే డబ్బు వేసుకునే కార్డు) కలిపించుకోండి, రద్దీ లేని వేళల్లో చార్జీ మూడో వంతు తగ్గుతుంది. ఫుల్‌టైమ్ విద్యార్థులైతే 26 దాటినా ఆ రైల్‌కార్డ్ ఇస్తారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఊరి బయట నుంచి ఇద్దరూ తరచూ కలిసి రైల్లో వచ్చేవాళ్లకు టూ టుగెదర్ రైల్‌కార్డ్ లాభం.

మధ్యాహ్నానికి ఇంటినుంచి బాక్స్ తెచ్చుకుని పక్కనే రస్సెల్ స్క్వేర్ తోటలో తినొచ్చు.

తర్వాత పుస్తకాలు. మ్యూజియం నుంచి కొద్ది దూరంలో బరీ ప్లేస్‌లో లండన్ రివ్యూ బుక్‌షాప్ ఉంది. చిన్నదే, కానీ ఏరి కూర్చిన పుస్తకాలు. జేబు చూసుకునేవాళ్లకు బ్రన్స్‌విక్ సెంటర్‌లోని స్కూబ్ అనే షాపు మేలు, అక్కడన్నీ పాత పుస్తకాలే. గోవర్ స్ట్రీట్ వాటర్‌స్టోన్స్‌లో కూడా సెకండ్‌హ్యాండ్ విభాగం ఉంది. క్లాసు పుస్తకాల లిస్టు పట్టుకుని అన్నీ కొత్తవి కొనేయకండి, ముందు యూనివర్సిటీ లైబ్రరీలో వెతకండి. ఈ షాపుల్లో మీకు ఇష్టమైనది ఒక్కటి కొనుక్కోండి. కొనకపోయినా ఇబ్బంది లేదు, నిలబడి నాలుగు పేజీలు చదివినా ఎవరూ ఏమీ అనరు. లోపల మాత్రం ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు తిరగండి. ఒకరికి కథలు కావాలి, ఇంకొకరికి మ్యాపులు. ఏ టైముకి ఎక్కడ కలుసుకోవాలో చెప్పుకుంటే చాలు.

శుక్రవారం ఖాళీ దొరికితే వరుస మార్చండి. షాపులు ముందుగా మూసేస్తారు, మ్యూజియం ఆ ఒక్కరోజు రాత్రి 8:30 దాకా తెరిచే ఉంటుంది. ముందు పుస్తకాలు చూసుకుని, జనం పలచబడ్డాక శిల్పాల దగ్గరికి వెళ్లండి. గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు, చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు.