ఎల్‌డీఎల్ బాగుంటే సరిపోదు అన్నా
కావలి నుంచి ఒక అన్న తన రిపోర్టు పెట్టి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) నార్మల్, ఇంక టెన్షన్ లేదుగా అని అడిగారు, కానీ అన్నా, మీరు పెట్టిన రిపోర్టులోనే ఆ కింది లైన్లు చూడండి: ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 240, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పరగడుపు షుగర్ 108. ఈ మూడూ కలిసొస్తే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి, అలాంటివాళ్లకు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. పరగడుపున 100 నుంచి 125 అంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ కిందే లెక్క. ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించండి, 5.7 లోపుంటే మంచిదే, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వెంటనే డాక్టర్ని కలవండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వల్ల షుగర్ కొంచెం పెరగొచ్చు, నిజమే, అలాగని అది వాడుతుంటే మీ అంతట మీరు మానేయొద్దు, గుండెకు దాని మేలే ఎక్కువ. చేపల పులుసు మానక్కర్లేదు (మానమన్నా మన నెల్లూరోళ్లు వింటారా), అందులో కలిపే అన్నం సగం చేయండి. మద్యం అలవాటుంటే మాత్రం అదీ ట్రైగ్లిజరైడ్స్ పెంచుతుంది.